మా యింటి రెండు చేతక్కులు

తాతగారి పేరు మనుమనికిని, అమ్మమ్మ పేరు మనుమరాలికిని పెట్టుకొనుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న యాచారము. ఒకే పేరుగలవా రింట నిద్దరున్నచో పెద్ద, చిన్న యని చేర్చి పిలుచుకొందుము. వాహనముల విషయమునను ఈ చిక్కు మాకెదురగునని మాత్రము మేమెన్నడు ననుకొనలేదు.

మా మామగారికి చేతక్ స్కూటరొకటి యుండెడిది. బజాజ్ వారు 1972వ సంవత్సరమున ఆ పేరుతో స్కూటరును విడుదల చేసిరి. దానికై ముందుగా సొమ్ము కట్టి యేండ్ల తరబడి వేచియుండిన కుటుంబములు ఆ కాలమున నెన్నియో కలవు. ముందు పిల్లవాడు నిలుచుండగా, వెనుక గృహిణి యొకవైపునకు తిరిగి, ఒడిలో చంటిబిడ్డతోను చేతిలో కూరల సంచితోను కూర్చుండి సాగించిన ప్రయాణములను మరచిన వారెవరు? ఉదయమున మామగారు బండిని ఒక ప్రక్కకు వంచి, మరల నిలిపి, కిక్కు కొట్టెడివారు. సాయంకాలము వీధి మలుపున దాని చప్పుడు వినబడగానే మా అత్తగారు కాఫీకి పాలు పొయ్యిమీద పెట్టెడివారు. ఆ చప్పుడే మా యింటి గడియారము. మామగారు గతించిన పిమ్మట ఆ బండి పెరటి పంచలో గోనెపట్టా కప్పుకొని నిలిచిపోయినది.

గత సంవత్సరము మా కోడలు ఉద్యోగమునకు పోయివచ్చుటకై కొత్తబండి కొనెను. "అత్తయ్యా, చేతక్ తెచ్చుచున్నాను" అని ఫోనులో చెప్పగా, ఆ మాటనే మేము అత్తగారి చెవిని వేసితిమి. ఎనుబది యేండ్లు దాటిన వారు వీధి యరుగుమీద కూర్చుండి చెవియొగ్గి వినుచుండిరి. బండి గుమ్మము ముందుకు వచ్చి నిలిచినను వారికి తెలియలేదు. అది విద్యుత్తుతో నడచునది; వెనుకటి చప్పుడు దానికి లేదు. "ఏదీ చేతక్?" అని యడిగిరి. చూపగా కొంతసేపు చూచి, మాటాడక లోనికి పోయిరి. వారి కన్నులు చెమర్చుట మేము చూచితిమి. ఒక్క పేరు చెప్పి ముసలి ప్రాణమున కెంత యాస కల్పించితిమి గదా యని ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు.

ఆలోచింపగా ఆ పేరు స్కూటరుకు మాత్రము పుట్టినది కాదు. 1576వ సంవత్సరమున జరిగిన హల్దీఘాటీ యుద్ధమున, తాను గాయపడియు మేవాడు రాణా ప్రతాపుని మోసికొనిపోయి కాపాడినదని కథలలో చెప్పుకొను గుఱ్ఱము చేతక్. ఫ్రాన్సు దేశపు అలూయెట్ 3 అను హెలికాప్టరును మన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు అనుమతి పొంది తయారుచేసి, దానికిని చేతక్ అనియే పేరు పెట్టిరి. అలూయెట్ అనగా ఫ్రెంచి భాషలో భరతపక్షి. పక్షి పేరుతో నున్నది మనదేశమునకు వచ్చి గుఱ్ఱమైనది! 2009లో స్కూటర్ల తయారీని చాలించుచున్నామని ప్రకటించిన బజాజ్ వారే, 2020 జనవరిలో విద్యుత్ స్కూటరును చేతక్ పేరుతోనే అమ్మకమునకు తెచ్చిరి. పేరొకటే గాని, పాతదానికి పెట్రోలులో నూనె కలిపి పోయవలెను, ఎడమచేతితో గేర్లు మార్చవలెను. కొత్తదానికి పెట్రోలు లేదు, గేర్లును లేవు. ఆ కొత్తవానిలోనైనను అన్నియు నొకటి కావు. 2024 డిసెంబరులో వచ్చిన శ్రేణిలో బ్యాటరీని కాళ్లుంచు పలక క్రిందికి మార్చిరి.

ఈ భేదము మాకు చేతికే తగిలినది. మామగారి బండిని బాగుచేయింప దలచి, చేతక్‌కు గేరు కేబులు కావలెనని మేమొక దుకాణమునకు ఫోను చేయగా, అచటి కుఱ్ఱవాడు, "చేతక్‌కు గేర్లే లేవు గదమ్మా!" అని నవ్వెను. వాని వయస్సున కా మాట నిజమే. కావున సోదరీమణులు విడిభాగములు కొనునపుడును, భీమా కట్టునపుడును, పాతబండి బేరము చేయునపుడును పేరొక్కటియే చెప్పి యూరకుండరాదు. తయారైన సంవత్సరము, రకము, రిజిస్ట్రేషను పత్రములోని ఛాసిస్ సంఖ్య చూచి చెప్పవలెను.

అత్తగారి మనసును కుదుటపరచినది మాత్రము మేము కాము. వారి తల్లిగారి పేరు పెట్టుకొన్న మా మనుమరాలు. అది బండి యెక్కుదము రమ్మని వారిని నిర్బంధింపసాగెను. అప్పుడు వారు నవ్వి, "మా అమ్మ పేరు నీకు పెట్టితిమి. మా అమ్మవలె నడువుమని, ఆమెవలె మాటాడుమని నిన్నెన్నడైన నడిగితినా? ఈ బండినేల యడుగవలెను?" అనిరి. పిమ్మట కోడలివైపు తిరిగి, "ముప్పది యేండ్లు ఆ చేతక్ వెనుక కూర్చుంటిని. ఒక్కనాడైనను దాని పిడి పట్టుకొన నెరుగను. నాకెవరును పట్టుకొమ్మనలేదు, నేనును అడుగలేదు. నీవు నడపుము, నేను చూచెదను" అని పలికిరి.

ఆ యాదివారము కోడలు నడుపగా వారు వెనుక కూర్చుండి, ఆమె భుజముపై చేయివైచి, దేవాలయమునకు పోయివచ్చిరి.

ఇప్పుడు పాతబండికిని మరమ్మతు జరిగినది. మా యింట నొకటి పెద్ద చేతక్, రెండవది చిన్న చేతక్. పెద్దదానిని నెల కొకసారి మా అబ్బాయి కిక్కు కొట్టి కొంతసేపు నడుపును. ఆ చప్పుడు వినబడిననాడు అత్తగారు తాముగా లేచి పాలు పొయ్యిమీద పెట్టుదురు. ఆ దినమున మేము వారికి అడ్డు చెప్పము.