మందమర్రి ముసురులో సైకిల్ రైడ్
2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని ముసురు మందమర్రి దాకా వచ్చింది. నాకేమో అప్పుడే నాయక్‌పోడ్‌ల జాతర జరిగే గాంధారి ఖిల్లా దాకా సైకిల్ మీద పోవాలనిపించింది!

చలి, ఎదురుగాలి ఎట్లాగో ఓర్చుకున్నా. అసలు డేంజర్ రోడ్డే. లారీల నుంచి రాలిన బొగ్గుపొడి చినుకు పడితే జారుడు బురద. బ్రేక్ పట్టగానే చక్రం జారి కిందపడ్డా. ఫస్ట్ షిఫ్ట్‌కి పోతున్న ఓ కాకా తన పాత సైకిల్ ఆపి లేపిండు.

"నల్లగున్న కాడ బ్రేక్ కొట్టకు బిడ్డా, ముందే స్పీడ్ తగ్గించు. టైర్ల గాలి గూడ జర తక్కువుంచు."

"రోజూ ఇట్లనే పోతరా కాకా?"

"పోకుంటే మస్టర్ పోతది గద!"

టైర్లలో కొంచెం గాలి తీసేసి, బొక్కలగుట్ట దాకా మెల్లగా తొక్కా. ఖిల్లా సగం మబ్బులోనే ఉంది.