సీసా మీది పేరు, తోటలోని శ్రమ

"ఆలివ్ నూనె గుండెకు మంచిదట కదా, డాక్టరు గారూ?" అని నన్ను అడిగేవారు అనేకులు. ముందుగా ఆ నూనె పుట్టుకను తెలుసుకొందాం.

ఇటలీలోని టస్కనీలో తరతరాలుగా ఆలివ్ తోటలనే నమ్ముకొన్న కుటుంబాలు ఉన్నాయి. 1985 జనవరిలో తీవ్రమైన మంచుదెబ్బకు అక్కడ లక్షలాది చెట్లు ఎండిపోగా, మొదళ్ళ నుండి వచ్చిన చిగుళ్ళను పెంచి తోటలను మళ్ళీ నిలబెట్టుకొన్నారు. శరదృతువులో కాయలు కోసి, వెంటనే మిల్లుకు చేరుస్తారు. ఆలస్యమైతే పులిసి ఆమ్లత్వం పెరుగుతుంది. ముద్దగా నూరి, 27 డిగ్రీల సెల్సియస్‌కు మించని వేడిమిలో, రసాయనాలు కలపకుండా నూనె తీస్తారు. ఆమ్లత్వం 0.8 శాతం దాటక, రుచిలో దోషం లేనిదే 'ఎక్స్‌ట్రా వర్జిన్'. తాజా నూనె గొంతులో ఘాటుగా తగిలితే కల్తీ అనుకోకండి. అది ఓలియోకాంథాల్ అనే పదార్థపు గుణం.

సీసాపై 'పొమేస్' అని ఉంటే అది వేరు. పిప్పి నుండి ద్రావకంతో తీసి, శుద్ధి చేసిన నూనె.

పింఛను డబ్బుతో ఈ నూనె కొని, రక్తపోటు మాత్రలు మానేసిన ఒక పెద్దాయనను నేను చూశాను. ఆయనకు చెప్పినదే మీకూ చెబుతున్నాను. నూనె ఆహారమే కాని ఔషధం కాదు. ఏ నూనెలోనైనా గ్రాముకు 9 కెలోరీలే. స్తోమత ఉంటే మరొక నూనెకు బదులుగా వాడండి, అదనంగా కాదు. లేకుంటే మన నువ్వుల నూనె, వేరుశనగ నూనె మితంగా వాడినా చాలు. మాత్రలు మాత్రం వైద్యుని అడగకుండా మానకండి.