మా యింటి దుబాసీ

పిల్లలూ, మీలో ఎవరైనా మాట ఇచ్చి తప్పినవాళ్ళున్నారా? నేనున్నాను. మాట తప్పింది ఎవరో పరాయివాళ్ళకు కాదు, మా మనవడికే. వాడికి పదకొండేళ్ళు. ఆ సంగతి మీకు చెబుతాను. నన్ను చూసి నవ్వుకుంటే నవ్వుకోండి.

మా యింట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. అందులో విండోస్ 10 ఉండేది. 2025 అక్టోబరు 14తో ఆ విండోస్‌కు మామూలుగా వచ్చే మరమ్మతులు ఆగిపోయాయి. దాని తరవాతిది వేద్దామంటే, మా కంప్యూటర్ అందుకు పనికిరాదని తెరమీదనే రాసి చూపించింది. బజారులో దుకాణదారును అడిగాను. "ఇది తీసేసి కొత్తది కొనుక్కోండి మాస్టారూ!" అన్నాడు. బాగా పనిచేస్తున్న వస్తువును పారెయ్యడానికి నాకు మనసొప్పలేదు. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ముప్ఫయ్యేళ్ళు ఒకే సైకిలు తొక్కాను.

అందుచేత దానిలో లినక్స్ వేశాను. విండోస్ లాగే లినక్స్ కూడా కంప్యూటర్‌లోని భాగాలన్నిటిచేతా పని చేయించే ప్రోగ్రామే. దాన్ని 1991లో, ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు మొదలుపెట్టాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. తను రాసినదాన్ని అతను దాచుకోలేదు. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, దిద్దినదాన్ని మరొకరికి ఇవ్వవచ్చు. ఇలా తెరిచి ఉంచినదాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. మిఠాయితోపాటు అది చేసే విధానం కూడా రాసి ఇచ్చినట్టన్నమాట.

నేను లినక్స్ వేస్తూంటే మా మనవడు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"తాతయ్యా, ఇందులో నా ఆటలన్నీ నడుస్తాయా?" అని అడిగాడు.

"నడవకేం? అన్నీ నడుస్తాయి!" అన్నాను.

చూశారా, ఆ 'అన్నీ' అన్న మాట దగ్గరే నేను తప్పు చేశాను.

మొదట అంతా బాగానే జరిగింది. వాడికి కోటలు కట్టే ఆట ఒకటి ఉంది. అది విండోస్ కోసం చేసిన ఆట. అయినా లినక్స్‌లో చక్కగా నడిచింది. ఎలా నడిచిందో చెబుతాను. మీకు దుబాసీ అంటే తెలుసునా? కుంఫిణీవాళ్ళ కాలంలో, రేవు పట్టణాలలో దొరలకు మన భాష వచ్చేది కాదు. మన వర్తకులకు దొరల భాష వచ్చేది కాదు. మధ్యన రెండు భాషలూ వచ్చినవాడొకడు నిలబడి, ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చెప్పేవాడు. అతనే దుబాసీ.

ఆట నడుస్తున్నంతసేపూ కంప్యూటర్‌ను ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది: "ఫలానా ఫైలు పట్టుకురా", "ఈ చప్పుడు చెయ్యి", "ఏ మీట నొక్కారో చెప్పు" అని. ఇవన్నీ విండోస్ భాషలో అడుగుతుంది. లినక్స్‌కు ఆ భాష తెలియదు. వైన్ అనే ప్రోగ్రాం మధ్యన కూర్చుని ఆ కోరికలను లినక్స్ భాషలోకి మారుస్తుంది. వైన్ పని 1993లో మొదలైంది. దాని 1.0 వెలువడింది 2008లో. ఎన్నేళ్ళయిందో లెక్క వెయ్యండి! ఆ పని చేసినవారిలో చాలామంది తీరిక వేళల్లో, ఊరికే చేసినవాళ్ళు.

ఇంకొక సంగతి. వైన్ అంటే కంప్యూటర్ లోపల మరొక నకిలీ కంప్యూటర్ అనుకునేరు. కానే కాదు. ఆటలోని కూడికలూ తీసివేతలూ అన్నీ మన కంప్యూటర్ నేరుగానే చేస్తుంది. అడిగే మాటలకే తర్జుమా. అందుకనే పాత కంప్యూటర్ అయినా ఆట నత్తనడక నడవలేదు.

అన్నిటికంటె కష్టమైనది బొమ్మలు గీయించడం. ఆటలో బొమ్మ కదలాలంటే సెకనుకు ముప్ఫయిసార్లో అరవైసార్లో కొత్త బొమ్మ గీయాలి. దీనికి విండోస్‌లో డైరెక్ట్3డీ అనే వేరే భాష ఉంది. లినక్స్‌లో వల్కన్ అనే భాష ఉంది. ఫిలిప్ రెబోలె అనే అతనికి నియర్ ఆటోమేటా అనే ఆటను లినక్స్‌లో ఆడాలని సరదా పుట్టింది. అప్పటి వైన్‌తో అది సరిగా నడిచేది కాదు. అతను విసుక్కుంటూ కూర్చోలేదు. డైరెక్ట్3డీని వల్కన్‌లోకి మార్చే దుబాసీని తనే రాయసాగాడు. దాని పేరు డీఎక్స్‌వీకే. ఆటలు అమ్మే స్టీమ్ అంగడి తెలుసు గదా? ఆ అంగడి పెట్టిన వాల్వ్ కంపెనీవారు అతనికి జీతమిచ్చి ఆ పనే చెయ్యమన్నారు. 2018 ఆగస్టులో వైన్‌నూ డీఎక్స్‌వీకేనూ కలిపి ప్రోటాన్ అనే పేరుతో అందరికీ ఇచ్చారు. 2022లో వాళ్ళు అమ్మకానికి పెట్టిన చేతిలో పట్టుకు ఆడుకునే స్టీమ్ డెక్‌లో ఉన్నది లినక్సే. స్టీమ్‌వారి లెక్క ప్రకారం 2025 అక్టోబరులో లినక్స్ వాడేవాళ్ళు నూటికి ముగ్గురిని దాటారు. ఆటల పిచ్చి ఇంత పని చేసిందని మీ అమ్మానాన్నలతో చెప్పకండి, నన్ను కోప్పడతారు!

ఇక నా మాట తప్పిన సంగతి. మా మనవడి బడి స్నేహితులు నలుగురు రాత్రిపూట ఎవరిళ్ళలో వాళ్ళుండి కలిసి ఒక ఆట ఆడతారు. వీడు అయిదోవాడు. ఆ ఆట తెరిచాం. కాసేపు తిరిగి తిరిగి మూసుకుపోయింది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అంతే. రాత్రి పదింటిదాకా తంటాలు పడ్డాను, లాభం లేకపోయింది.

కారణమేమంటే, అటువంటి ఆటలలో మోసం చేసి గెలిచేవాళ్ళను పట్టుకోవడానికి ఒక కాపలాదారు ప్రోగ్రాం ఉంటుంది. అది కంప్యూటర్ అంతా గాలించి చూస్తుంది. దుబాసీ ద్వారా వచ్చినవాణ్ణి అది నమ్మదు. ఈజీ యాంటీచీట్, బాటిల్‌ఐ అనే రెండు కాపలాదారులు ప్రోటాన్‌తో పనిచేసేటట్టు 2021లో ఏర్పాటు జరిగింది. కాని సరేననవలసినవాడు ఆట యజమాని. కొందరు సరే అన్నారు, కొందరు ససేమిరా అన్నారు. అపెక్స్ లెజెండ్స్ వారైతే మొదట ఒప్పుకుని, 2024 అక్టోబరులో మళ్ళీ తలుపు మూశారు. మోసగాళ్ళు లినక్స్ చాటున దాక్కుంటున్నారని వాళ్ళ వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా దొంగల భయానికి వీధితలుపు బిగిస్తే వచ్చిన చుట్టం కూడా అరుగు మీదే ఉండిపోతాడు గదా! ఈ తలుపు మాత్రం వైన్ రాసేవాళ్ళు ఎంత కష్టపడినా తెరుచుకోదు. లోపలివాళ్ళే తియ్యాలి.

మా వాడు ఏడవలేదు. "నువ్వు అన్నీ అన్నావు తాతయ్యా" అని మాత్రం అన్నాడు. మూడు రోజులు కంప్యూటర్ ఛాయలకు రాలేదు. బళ్ళో స్నేహితులు రాత్రి ఆట ముచ్చట్లు చెప్పుకుంటూంటే వీడు దూరంగా కూర్చుంటున్నాడని తెలిసి, నేను పెన్షను పాసుపుస్తకం తీసి లెక్కలు వేశాను. కొత్తది కొనడానికి చాలలేదు.

నాలుగోనాడు ఓపెన్ సోర్స్ ఆట ఒకటి దింపి వాణ్ణి పిలిచాను. అది బండ్ల పందెం. ముందు పేరు రాయమంది. వాడు తెలుగులో కొట్టాడు. వాడి పేరులో 'ష్ణ' ఉంది. తెరమీద ణకారం ఒత్తు కిందికి దిగలేదు. షకారం, దాని పక్కన గాలిలో ఒక పొల్లు, ఆ పక్కన నిండు ణకారం!

"ఇదీ పాడే!" అన్నాడు వాడు.

"పాడే. కాని దీన్ని చేసినవాళ్ళకు చెప్పవచ్చు" అన్నాను.

ఇద్దరం కూర్చుని ఉత్తరం రాశాం. మీది ఏ కంప్యూటర్, ఏం చేశారు, ఏం జరిగింది, ఏం జరగాలి, ఇవి రాయాలి. మా వాడు మొదటి వాక్యం "మీ ఆటకు చదువు రాదు" అని రాశాడు. దాన్ని కొట్టేయించాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. రాసినాయన ఏ దేశంవాడో తెలియదు. తనకు తెలుగు చదవడం రాదనీ, సరైన రూపం ఎలా ఉంటుందో పంపమనీ చాలా మర్యాదగా అడిగాడు. మా వాడు గీతల పుస్తకంలో ఒక పక్క తప్పు, ఒక పక్క ఒప్పు రాసి, బాణం గుర్తు వేశాడు. దాన్ని ఫోటో తీసి పంపాం.

కంప్యూటర్ మన అక్షరాలను ష, పొల్లు, ణ అని వరసగానే దాచుకుంటుంది. వాటిని ఎలా కలిపి రాయాలో మరొక ప్రోగ్రాం చూసుకోవాలి. హార్ఫ్‌బజ్ అనేది అలాంటిదే. అదీ ఓపెన్ సోర్స్‌దే. ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు చక్కగా కనిపించడం దాని చలవే. ఆయన దాన్ని తెచ్చి ఆటలో తగిలించాడు. అందుకు ఆయనకు తెలుగు రానక్కరలేదు. తెలుగు విరిగిందని ఎవరో ఒకరు చెబితే చాలు.

రెండు నెలలకు ఆట కొత్త ప్రతి వచ్చింది. మా వాడు పేరు కొట్టాడు. ఒత్తు కిందికి దిగింది. వాడేమీ అనలేదు గాని, చెరిపి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ చెరిపి మళ్ళీ కొట్టాడు.

స్నేహితుల ఆట ఇప్పటికీ మా యింట్లో నడవదు. శనివారాలు వాళ్ళలో ఒకడి యింటికి వెళ్ళి ఆడి వస్తున్నాడు. నేను 'అన్నీ' అన్న మాటను 'చాలా' అని దిద్దుకున్నాను. వాడు ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ బండ్ల పందెం ఆటలోని మాటలను మా వాడు తెలుగు చేస్తున్నాడు. సగం అయింది. బండి బాట చుట్టి మొదలుపెట్టిన చోటికి వస్తే దాన్ని ఏమనాలన్న దగ్గర నిన్న ఆగిపోయాడు. 'చుట్టు' అని వాడంటాడు. 'ప్రదక్షిణం' అని వాళ్ళ నాయనమ్మ అంటుంది. మరి మీరేమంటారు?