ఎడమ కాలు

మా తండా పెద్దకడుబూరు దగ్గర. అంతా నల్లరేగడి నేల. వానకు కాళ్ళకు బంకలా అంటుకుంటుంది, ఎండకు పాదం దిగేంత నెర్రెలిస్తుంది. అందుకే చిన్నప్పుడు మేం బంతి ఆడింది రోడ్డు పక్కనే.

ఆదోనిలో డిగ్రీలో చేరినాక ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకున్నారు. కోచ్ సారు మొదటి రోజే నా ఆట చూసి, "నీకు ఒక్క కాలే ఉందేమిరా?" అన్నారు. మరుసటి రోజు నుంచి నెలపాటు కుడికాలితో బంతి తాకకూడదు. తాకితే గ్రౌండు చుట్టూ ఐదు రౌండ్లు. ఎడమకాలితో తన్నితే బంతి ఎటు పోయేదో నాకే తెలిసేది కాదు. జట్టంతా నవ్వేది. సారు నవ్వేవారు కాదు. "మళ్ళీ" అనేవారు. ఆయన నోట నేను ఎక్కువగా విన్న మాట అదే.

ఈ పద్ధతి ఆయన సొంతం కాదని తర్వాత తెలిసింది. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపేవారంట. ఆయనా బడిపంతులే. ఆయన నేర్పిన మన దేశ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడే పోయారు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ పిల్లవాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు.

రెండో ఏడు వానలు లేక మా పత్తి పోయింది. సంక్రాంతి దాటగానే ఇంట్లోవాళ్ళు సుగ్గికి కదిలినారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. అప్పు ఉంది, చేతులు చాలవని యాడి అంది. నేనూ పోయినా. సారుకు చెప్పడానికి మొహం చెల్లలేదు. పగలంతా కోసి కోసి చేతులు మండేవి, కళ్ళు తుడుచుకోడానికి కూడా పనికొచ్చేవి కావు. కాళ్ళు మాత్రం ఖాళీ. సాయంత్రం గోనెసంచి ముక్కలు ఉండచుట్టి, తాడు కట్టి, గుడిసె వెనక ఎడమకాలితో తన్నేవాణ్ణి.

నలభై రోజులకు తిరిగొచ్చేసరికి పోటీల జట్టులో నా పేరు లేదు.

"యాడికి పోయినావు?"

"సుగ్గికి సార్."

"చెప్పి పోవడానికి నోరు లేదా?"

అంతే. బంతి నా ముందుకు తోసినారు. ఎడమకాలితో కొట్టినా. నేరుగా గోల్లో పడింది. సారు చాలాసేపు చూసి, "మళ్ళీ" అన్నారు. అయినా ఆ ఏడు ఆడనియ్యలేదు.

నాకు ఆ కోపం ఇంకా ఉంది. నియమం అందరికీ ఒకటేనని ఆయన వాదన. ఊళ్ళో ఉండే పిల్లవాడికీ, సుగ్గికి పోయే పిల్లవాడికీ ఏడాది ఒకటి కాదు కదా! కానీ చెప్పకుండా పోయింది నేనే.

ఇప్పుడు నేనూ బడిలో పిల్లలకు ఆట నేర్పుతున్నా. నెలపాటు కుడికాలు కట్టేస్తా, తిట్టుకుంటారు. సుగ్గికాలంలో సగంమంది ఉండరు. పేర్లు కొట్టెయ్యను, చెప్పి పొమ్మంటా. మొన్న ఒక పిల్ల లారీ ఎక్కేముందు పరుగెత్తుకొచ్చి, "పోయొస్తా సార్. బంతి తీసుకుపోనా?" అని అడిగింది. బడి బంతి అది. ఇచ్చినా. స్టాకు రిజిస్టరులో ఇంకా రాయలేదు.