కడియం నర్సరీల్లో ఆషాఢం

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే వేమగిరి దాటాక దృశ్యమే మారిపోతుంది. వరి చేలు పక్కకు తప్పుకుని, రోడ్డుకి అటూ ఇటూ కవర్లలో, కుండీల్లో నిలబెట్టిన మొక్కలు మొదలవుతాయి. కడియపులంక, బుర్రిలంక, వీరవరం, కడియం... ఊరు మారుతుంది గాని పని మారదు. ఈ ఊళ్ల వ్యాపారం ఎలా నడుస్తోంది, ముందు ఏ సీజన్లు వస్తున్నాయి, జనం దేని కోసం ఎదురు చూస్తున్నారు అని అడిగి తెలుసుకుందామని ఆషాఢం చివర్లో వెళ్లాను.

ముందు కడియపులంక పూల మార్కెట్. లంక గ్రామాల రైతులు తెల్లారకముందే బంతి, చామంతి, లిల్లీ మూటలు బళ్ల మీద కట్టుకుని వచ్చేస్తారు. పెళ్లిళ్లు లేని నెల కావడంతో బేరాలు నెమ్మదిగా ఉన్నాయి, మాటలు మాత్రం శ్రావణం చుట్టూ తిరుగుతున్నాయి. వరలక్ష్మీ వ్రతానికి ఏ తోట కోతకొస్తుంది, వాన పడితే చామంతి నిలబడుతుందా, బెంగళూరు సరుకు ఎంత దిగుతుంది అన్నవే అందరి నోటా. కాటా దగ్గర కూర్చున్న పెద్దాయన ఒకరు, "పువ్వుకి రేపన్నది లేదండీ. పొద్దున్న అమ్ముడుపోకపోతే సాయంత్రానికి ఎరువే" అన్నారు. ధర పడిపోయిన రోజున కోత కూలి కూడా రాదని పూలను తోటలోనే వదిలేసిన రైతులు ఆ మూటల మధ్యే నాకు కనబడ్డారు.

మొక్కకి రేపు ఉంది. నెల ఆగితే నాలుగు ఆకులు పెరిగి ధరా పెరుగుతుంది. కాకపోతే ఆ నెలంతా నీళ్లూ మనుషులూ కావాలి. ఈ తేడాను పట్టుకునే పూల తోటల ఊళ్లు మొక్కల ఊళ్లయ్యాయని ఇక్కడి పాతతరం వాళ్లు చెబుతారు.

నేను ఎక్కువసేపు గడిపింది కాలువకి దగ్గర్లో ఉన్న ఓ మధ్యతరహా నర్సరీలో. నేను వెళ్లేసరికి రైతుగారు ఫోన్లో ఉన్నారు. హైదరాబాద్ శివార్లలో కడుతున్న ఇళ్ల సముదాయం కోసం వాట్సాప్‌లో పెద్ద జాబితా వచ్చింది. రకరకాల తాటి జాతులు, ఎత్తు ఇంత ఉండాలి, కాండం లావు ఇంత ఉండాలి అని కొలతలు, అడుగున నేలంతా పరుచుకునే చిన్న మొక్కలు వేలల్లో. అందులో సగం రకాలు ఆయన దగ్గర లేవు. లేవని ఆయన ఎక్కడా చెప్పలేదు. ఒకదాని వెంట ఒకటి ఫోన్లు చేసుకుంటూ పోయారు. "బావా, ఆరడుగుల ఫాక్స్‌టైల్ ఎన్ని తీయొచ్చు?" "ఏరా, నీ దగ్గర ఎర్ర ఇక్సోరా నిలవ ఉందా, లేపేసావా?" గంట తిరక్కుండానే జాబితా నిండింది. మధ్యాహ్నం నుంచి చిన్న ట్రాలీ ఆటోలు ఒక్కో నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి ఇక్కడ దింపడం మొదలుపెట్టాయి.

కడియం వ్యాపారం అసలు బలం ఇదే అని నాకు గట్టిగా అనిపించింది. ఏ ఒక్క నర్సరీలోనూ అన్నీ ఉండవు. ఊళ్లన్నీ కలిసి ఒకే గిడ్డంగి. ఎవరి దగ్గర ఏం ఉందో, ఏది ఏ ఎత్తుకొచ్చిందో, ఎవరు పూణే నుంచో కోల్‌కతా నుంచో కొత్త రకం తెచ్చారో పది మందికీ తెలియాలి. ఇక్కడ వ్యాపార వార్త అంటే అదే. పోటీ లేదని కాదు, ధర దగ్గర గట్టిగానే ఉంది. అయినా పక్కవాడి మొక్క లేకపోతే తన లారీ కదలదని ప్రతి ఒక్కరికీ తెలుసు. నోటిమాట మీద వెళ్లిన సరుకుకి లెక్కలు తర్వాత చూసుకుంటారు. అంత నమ్మకం ఈ రోజుల్లో ఏ బజారులో దొరుకుతుంది?

లారీ లోడింగ్ సాయంత్రానికి గాని మొదలవదు. పగటి ఎండకి మొక్క వాడుతుంది కాబట్టి రాత్రి ప్రయాణమే మేలు. పెద్ద చెట్టయితే వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా గోనెపట్టా చుట్టి తాళ్లతో బిగిస్తారు. ఆకుల్ని పైకి దగ్గరగా లాగి కడతారు. బరువైనవి అడుగున, లేతవి పైన. ఒక్క కుండీ ఒరిగినా పక్క వరుసంతా నలుగుతుంది. సర్దేవాళ్ల పనితనం చూస్తూ నిలబడిపోయాను.

ఈ మొక్కలన్నిటికీ ఆధారం నీళ్లు. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు ఈ నేలకి తడినిచ్చాయి, గోదావరి ఒండ్రు సారమిచ్చింది. అందుకే ఇక్కడి నర్సరీ రైతులు తమ సంఘానికి ఆ ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్నారు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు బోర్లే దిక్కు, అప్పుడు కరెంటు పోతే ప్రాణం పోయినట్టే. ఈసారి కాలువలకి నీళ్లు వదిలి చాలా రోజులైంది కాబట్టి అందరి ముఖాల్లోనూ కాస్త నెమ్మది కనబడింది.

షేడ్ నెట్ కింద మామిడి అంట్లు కడుతున్నారు. మే, జూన్ నెలల్లో తెచ్చిన టెంకల్ని కొద్ది వారాల్లోనే పాతాలి, ఆలస్యమైతే మొలక శక్తి పోతుంది. మొలిచిన మొక్క లేతగా ఉండగానే తల కోసి, కాండం మధ్యలో చీలిక పెట్టి, తల్లి చెట్టు నుంచి తెచ్చిన కొమ్మను రెండు వైపులా చెక్కి అందులో దించుతారు. ఆ కొమ్మకి వారం ముందే చెట్టు మీద ఆకులు దూసేసి ఉంచాలి, అప్పుడే మొగ్గలో ఊపు ఉంటుంది. ప్లాస్టిక్ పట్టీ చుట్టి, పైన సన్నని తొడుగు వేసేస్తారు. గాలిలో తేమ ఉన్న ఈ నెలల్లోనే అంటు బాగా పడుతుంది. మూడు వారాలు తిరిగేసరికి కొత్త చిగురు కనబడాలి. కత్తి ఒకే వాటున పడాలని, రెండోసారి చెక్కితే అంటు పోతుందని అక్కడ పని చేస్తున్న ఆమె చెప్పింది. చెబుతున్నంత సేపూ చేతులు ఆగలేదు.

కవర్లలో మట్టి నింపడం, కలుపు తీయడం, నీళ్లు పెట్టడం, మొక్కలు మోయడం, ఈ పనుల్లో ఎక్కువ మంది ఆడవాళ్లే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో కలిసి వస్తారు. 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు వైపు తిరిగిన చిరుత ఈ నర్సరీల్లోకి వచ్చిందన్న రోజుల్ని వాళ్లు ఇంకా చెప్పుకుంటున్నారు. దట్టమైన మొక్కల వరుసల్లోకి వంగి పని చెయ్యాలి, ఎలా వెళ్తాం అని ఒకామె నన్నే అడిగింది. పని మానిన రోజుకి కూలి లేదు. అంటు కట్టే నేర్పు ఉన్న మనిషికి కూడా ఇక్కడ ఆడకూలి లెక్కే వేస్తున్నారు. ఇది సరికాదు. కడియం పేరు నిలబెడుతున్న చేతులవి, ఆ నేర్పుకి తగ్గ కూలి ఇవ్వాల్సిందే.

టీ దగ్గర నలుగురు రైతులు కూర్చున్నప్పుడు సంగతులు చాలా దొర్లాయి. వీళ్లు తమని వ్యాపారులని అనిపించుకోరు, రైతులమే అంటారు. చట్టంలోనూ ఆ మాటకి బలముంది. 2008 ఆర్థిక చట్టంతో నర్సరీలో పెంచిన నారు, మొక్కల మీద వచ్చే రాబడిని వ్యవసాయాదాయంగానే లెక్కించాలని స్పష్టం చేశారు. మొక్కల మీద జీఎస్టీ కూడా లేదు. నష్టం వచ్చినప్పుడు మాత్రం వరి రైతుకి దొరికే ఆసరా తమకి దొరకడం లేదని వాళ్ల బాధ. గాలివానకి షేడ్ నెట్ లేచిపోతే ఎవరూ వచ్చి చూడరన్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక, 51 లక్షల పైచిలుకు జనంతో ఉండిన తూర్పు గోదావరి బాగా చిన్నదైంది. మొక్కల ఊళ్లు ఈ జిల్లాలో మిగిలాయి, అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రం కోనసీమకి పోయింది. రైతుకి మాత్రం రెండూ కావాలి.

కోనోకార్పస్ మాట ఎత్తగానే అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. త్వరగా పెరిగి పచ్చటి గోడలా నిలిచే ఈ మొక్కని ఒకప్పుడు ఎన్ని పెంచినా చాలేవి కావు. పుప్పొడి ఆరోగ్యానికి చేటనీ, వేళ్లు నీళ్ల గొట్టాల్ని దెబ్బతీస్తాయనీ ఫిర్యాదులు వచ్చాయి. తెలంగాణ 2022లో దీన్ని తన మొక్కలు నాటే కార్యక్రమం హరితహారం నుంచి తప్పించింది, 2023 సెప్టెంబరులో గుజరాత్ నిషేధించింది. పెంచిన మొక్కలు పెంచినచోటే మిగిలాయి. ప్రభుత్వం ఏ మొక్క వద్దనుకుంటుందో, ఏది కావాలనుకుంటుందో ఏడాది ముందు చెబితే తామే మారతామని వాళ్లు అడుగుతున్నారు. న్యాయమైన మాట. చెట్టు సరుకు రాత్రికి రాత్రి మారేది కాదు.

ఇక రాబోయేవి. శ్రావణం పూలు, చవితి పత్రి, దసరా బంతి, కార్తీకంలో ఉసిరి మొక్కలు. డిసెంబరు వచ్చేసరికి నర్సరీలు కొత్త సంవత్సరం శుభాకాంక్షల్ని వేల మొక్కలతో నేల మీద పేరుస్తాయి. పల్ల వెంకన్న నర్సరీలో ఏటా పెట్టే ఈ అమరిక చూడడానికి దూరాల నుంచి జనం వస్తారు. అన్నిటికన్నా పెద్ద ఆశ 2027 గోదావరి పుష్కరాలు. 2015 తర్వాత మళ్లీ వస్తున్నాయి. ఘాట్లకి, రోడ్లకి మొక్కలు కావాలంటే ఆ ఎత్తుకి పెంచడానికి ఇప్పటి నుంచే కవర్లు నింపాలి. ఆర్డర్లు చివరి నెలలో ఇస్తే బయట రాష్ట్రాల సరుకే దిగుతుందన్న భయం వాళ్లకుంది. గోదావరి పండగకి గోదావరి ఒడ్డున పెరిగిన మొక్కే నాటాలి. అధికారులు ఈ ఒక్కటీ ముందే తేల్చేయాలి.

నర్సరీ రైతులకూ ఒక మాట చెప్పాలి. పండ్ల మొక్క మీద రకం పేరు, తల్లి చెట్టు ఎక్కడిదో రాసిన చీటీ కట్టేవాళ్లు ఉన్నారు గాని అందరూ కట్టడం లేదు. బంగినపల్లి అని నాటిన అంటు అయిదేళ్లకి ఇంకో కాయ కాస్తే రైతు పోగొట్టుకున్న కాలాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. 2010లో వచ్చిన ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టం ఉద్దేశం ఈ మోసాన్ని ఆపడమే. సంఘం పూనుకుని ప్రతి పండ్ల మొక్కకీ చీటీ తప్పనిసరి చేస్తే ఊరి పేరు ఇంకా పెరుగుతుంది.

ఈ వానల్లో మొక్కలు కొనాలనుకునేవాళ్లు కడియం వెళ్లండి. పొద్దున్నే వెళ్తే తీరిగ్గా చూసుకోవచ్చు. అంటు కట్టిన చోట గట్టిగా అతుక్కుందో లేదో చూడండి, వేళ్లు కవరు అడుగున చుట్టలు చుట్టుకుపోయిన మొక్క తీసుకోవద్దు. రకం పేరు రాసిన బిల్లు అడిగి తీసుకోండి. ఇంటికి తెచ్చాక నాలుగు రోజులు నీడన ఉంచి, ఆ తర్వాతే నాటండి.