లెక్క ఇంగ్లీషులో, నొప్పి తెలుగులో

ఈ సెమిస్టర్ మా ఓపెన్ ఎలక్టివ్ సైకాలజీ. కోడింగ్ లేదు, ల్యాబ్ లేదు అని మా సీఎస్‌ఈ వాళ్ళం చాలామందిమే చేరాం. మొదటి క్లాసులో మేడమ్ డెఫినిషన్ రాయించలేదు. "ఏడు ఎనిమిదులు ఎంత?" అని తెలుగులోనే అడిగారు. అందరం చెప్పేశాం. "ఇప్పుడు మనసులో ఏ భాషలో లెక్క వేశారు?" దాదాపు అందరిదీ 'సెవెన్ ఎయిట్స్ ఆర్' బ్యాచే. "మరి కాలి బొటనవేలు గడపకి కొట్టుకుంటే ఏమంటారు?" క్లాసంతా ఒకటే నవ్వు. "అమ్మా!" అంటాం, ఇంకేమంటాం!

ఎక్కాలు బడిలో ఏ భాషలో నేర్చుకుంటే లెక్క సాధారణంగా ఆ భాషలోనే నడుస్తుందట. నొప్పి, కోపం, ముద్దు మాత్రం మనం ఇంట్లో నేర్చుకున్నవి. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. అయినా స్కూలు ఇంగ్లీషు నా బొటనవేలిదాకా చేరలేదన్నమాట.

తర్వాత చెప్పింది ఇంకా వింత. అయిదుగురిని కాపాడటానికి ఒక మనిషిని వంతెన మీద నుంచి రైలుబండి కిందకి తోస్తారా? 2014లో ఆల్బర్ట్ కోస్టా బృందం ఇదే ప్రశ్న కొందరిని మాతృభాషలో, కొందరిని తర్వాత నేర్చుకున్న భాషలో అడిగింది. మాతృభాషలో సుమారు 20 శాతం మంది తోస్తామన్నారు. రెండో భాషలో 33 శాతం! ప్రశ్న అదే, మారింది భాష ఒక్కటే. సొంత భాషలో ఆ మనిషి మనిషిలా కనిపిస్తాడేమో, పరాయి భాషలో లెక్కలా కనిపిస్తాడేమో అని నాకనిపించింది.

ఇవన్నీ ఎక్కడో ఫారిన్‌లో జరిగేవి అనుకోకండి. మన హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ళకంటే రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవాళ్ళకి ఆ మతిమరుపు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. అసలు బడికే వెళ్ళనివాళ్ళలోనూ ఈ తేడా కనిపించింది. భాషల వల్లే ఆలస్యమైందని ఖాయంగా తేలిపోలేదు, తర్వాతి పరిశోధనల్లో కొన్ని ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. అది కూడా మేడమే చెప్పారు.

నాకు మాత్రం ఆ 'బడికే వెళ్ళనివాళ్ళు' అన్న మాట దగ్గర మా నాయనమ్మ గుర్తొచ్చింది. మాచర్లలో చిల్లర కొట్టు నడిపేది. వేలిముద్రే. కానీ మస్తానమ్మ వాళ్ళతో ఉర్దూ, తండా నుంచి వచ్చేవాళ్ళతో లంబాడీ, మాతో తెలుగు. ఒకే తక్కెడ, మూడు భాషల్లో బేరం. ఫోన్ చేసి ఈ పరిశోధన సంగతి చెప్తే తేలిగ్గా తీసేసింది. "ఇదేం విడ్డూరం రా? మాట రాకపోతే బేరమెట్టా వొస్తది?"

మేం రెజ్యూమెలో 'లాంగ్వేజెస్ నోన్' కింద తెలుగు, ఇంగ్లీషు, హిందీ అని టైపు చేస్తాం. అందులో హిందీ నాకు పరీక్ష పాసయ్యేంతే వచ్చు. నాయనమ్మవి మూడూ రోజూ పనిచేసిన భాషలు. కానీ సర్వే వాళ్ళు మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆమె పేరు ఎదురుగా రాసుకునేది ఒక్కటే: 'నిరక్షరాస్యురాలు'.

ఫ్రెండ్స్, ఈ వారాంతం ఊరెళ్తే మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఎన్ని భాషలొచ్చో అడగండి. సర్టిఫికెట్ అడక్కండి, బేరమాడమనండి చాలు.