సిమెంటు గట్టిదేనా డాక్టర్?

పుచ్చుపన్నుకు పన్ను రంగు సిమెంటు పెట్టించుకునేవాళ్లు ముందుగా అడిగేది, ఏ కంపెనీది, ఎన్నేళ్లు గ్యారంటీ అని. ఒక పక్క ఉస్మానియా యూనివర్సిటీ, ఇంకో పక్క పాలిమర్ల మీద పరిశోధనలు చేసే ఐఐసీటీ ఉన్న ఈ హబ్సిగూడ, తార్నాకల్లోనూ అదే ప్రశ్న. ల్యాబులో రెజిన్ గట్టిపడేదాకా ఓపిగ్గా కాచుకునే మనిషి కూడా పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోగానే పది నిమిషాల్లో అయిపోతుందా అంటాడు! నిజానికి ఆ సిమెంటు గట్టిదనానికి ఢోకా లేదు. రఫేల్ బోవెన్ అనే దంతవైద్యుడు 1962లో పేటెంటు పొందిన రెజిన్‌కు గాజుపొడి చేర్చి చేసేదే ఇవాళ్టి కాంపోజిట్. బరువులో సగానికి పైగా ఆ పొడే. నమలడానికి అది చాలు. లిస్బన్‌లో పిల్లల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఏడేళ్లకు వెండి ఫిల్లింగుల్లో 94.4 శాతం నిలిస్తే, కాంపోజిట్లలో 85.5 శాతమే నిలిచాయి. చెడినవాటిలో విరిగినవి తక్కువ; ఎక్కువవాటికి అంచున మళ్లీ పుచ్చు పట్టింది.

అంటే లోపం అతుకులో ఉంది. ఎనామిల్‌కు కొన్ని సెకన్లు ఫాస్ఫారిక్ యాసిడ్ పట్టించి, కడిగి ఆరబెడితే సుద్దముక్కలా తెల్లబడుతుంది. బ్యునోకోర్ అనే దంతవైద్యుడు 1955లో చూపిన ఆ కిటుకే ఫిల్లింగుకు పట్టునిస్తుంది. ఆ తెల్లటి చోట ఉమ్మి చుక్క పడిందా, మళ్లీ మొదటికే. అందుకే పన్నుకు ఉమ్మి తగలకుండా పల్చటి రబ్బరు తెర, అంటే రబ్బరు డ్యామ్, కడతామంటాం, ‘అబ్బే, ఊపిరాడదు’ అంటారు. భయం అర్థమవుతుంది, ముక్కుతో పీల్చుకోవచ్చని చెబితే చాలామంది కుదుటపడతారు. పైగా కాంపోజిట్ గట్టిపడుతూ రెండు మూడు శాతం ముడుచుకుంటుంది. ఒకేసారి కూరితే అంచు దగ్గర లాగేస్తుంది, దాన్ని గట్టిపరిచే లైటు నీలి వెలుగు అడుగుదాకా చేరదు. అందుకే రెండేసి మిల్లీమీటర్ల పొరలు, పొరపొరకూ లైటు. నాలుగు మిల్లీమీటర్లు ఒకేసారి పెట్టే రకాలూ వచ్చాయి కదా అనొచ్చు. వచ్చాయి, పొరలు తగ్గాయి, కానీ తడిని తట్టుకునే రకం మాత్రం రాలేదు. తొందర పేషెంట్లదేనా అంటే, కాదు. లైటు మొనకు అంటిన రెజిన్ తుడవని క్లినిక్కులూ, దాన్ని పన్నుకు దూరంగా పట్టే చేతులూ ఉన్నాయి. అలాంటప్పుడు పైకి మెరిసే ఫిల్లింగుకు అడుగు మెత్తగానే ఉండిపోతుంది.

మరి వెండిదే వేయొచ్చుగా అంటారు పెద్దవాళ్లు. వాళ్ల మాటలో నిజముంది, లిస్బన్ లెక్క చెప్పేదీ అదే. కానీ అందులో పాదరసం ఉంది. దాని వాడకం తగ్గించాలన్న మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. అదీగాక వెండి నిలవాలంటే మంచి పన్నునూ కొంత చెక్కాలి. కాంపోజిట్‌కు పుచ్చినంత తీస్తే చాలు. ఆ మేలు దక్కాలంటే కుర్చీలో ఇంకో అరగంట కూర్చోవాలి, నొప్పి లేకపోయినా ఆరు నెలలకోసారి అంచులు చూపించుకోవాలి. నొప్పి లేనప్పుడు ఎవరొస్తారు? గంటకో తీపి చాయ్ మాత్రం ఆగదు. అంచున మొదలైన పుచ్చు చడీచప్పుడు లేకుండా నరం దాకా వెళ్తుంది. చూపించుకోవడానికి ఒక పూట సెలవు దొరకదన్నవారే, అప్పుడు రూట్ కెనాల్ కోసం మూడు నాలుగు సార్లు తిరుగుతారు.